ప్రయత్నశైథిల్యం: పియానో మీటపై ఒక విచారణ



కోనసీమ వాస్తవ్యులైన ఒక వృద్ధ ఘనాపాఠి కార్తికం ముగిసిన తరువాత హైదరాబాదులోని కుమారుని ఇంట కొన్ని వారాలు గడిపారు. మనుమరాలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థిని. బాల్యం నుండి పియానో అభ్యసిస్తున్నది. ఒకనాటి ఉదయం సంధ్యావందనం, జపం ముగించి వచ్చిన పితామహునకు ఆమె మంచినీళ్ల గ్లాసును ఎడమచేతితో అందించింది. ఆచారం తెలిసిన ఇంట పెరిగిన పిల్ల ఆ పని చేయదు. ఆయన గ్లాసు అందుకోలేదు. ఆమె కుడిచేతి వైపు చూశారు.

“ఆ చేతికేమైందమ్మా?”

“ఏం లేదు తాతయ్యా, కొంచెం నొప్పి. నాన్నకి చెప్పకు.”

ఆమె బాధ అంతా ఆ చివరి మాటలోనే ఉన్నది. తండ్రి కఠినుడు కాడు. చదువుకు ఆటంకం కలగనంతవరకు సంగీతం సాగవచ్చునని మాత్రమే నియమం పెట్టాడు. నొప్పి సంగతి తెలిస్తే వాద్యంపై వస్త్రం కప్పబడుతుంది. పరీక్షలు ముగిసినా ఆ వస్త్రం మళ్లీ తీయబడదని ఆ బాలిక భయం. కనుక రెండు మాసాలుగా ముంజేతి నొప్పిని దాచుకొని, ఆ నొప్పికి కారణమైన సాధననే మరింత పెంచుకొన్నది. సాధన తగ్గితే తండ్రి కారణం అడుగుతాడు కదా!

ఆమె అభ్యసిస్తున్నది బీథోవెన్ 1801లో రచించిన సొనాటా. లోకం దానిని ‘మూన్‌లైట్’ అని పిలుస్తున్నది; ఆ పేరు స్వరకర్త పెట్టినది కాదు. అందరూ ఎరిగినది దాని మొదటి భాగం, ప్రశాంతమైనది. మూడవ భాగం అందుకు పూర్తిగా విరుద్ధం. అది ఒక ఝంఝామారుతం. అతిద్రుతంగా, ఉద్వేగంతో వాయించవలెనని రచయిత పైన వ్రాసిపెట్టాడు. స్వరాలు క్రింది స్థాయి నుండి అల వలె ఎగసి, శిఖరాన రెండు బలమైన స్వరసముదాయాలుగా విరిగిపడతాయి. మరల క్రిందనుండి అల లేస్తుంది, మరల శిఖరాన ఆ రెండు ప్రహారాలు. ఇలా పుటల కొలది సాగుతుంది. మొదటి పుట ఆమె చక్కగానే వాయించగలదు. రెండవ పుటలో మణికట్టు బిగుస్తుంది. మూడవ పుటకు చేయి రాయి అవుతుంది; వేళ్లు కదులుతున్నట్లే ఉంటాయి గాని స్వరాలు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమైపోతాయి.

దీనికి తండ్రికి తెలిసిన ఔషధం ఒక్కటే. “అభ్యాసం కూసువిద్య” అనేవాడు. ఆ మాట అసత్యం కాదు. కాని యోగశాస్త్రం చిత్తవృత్తుల నిరోధానికి అభ్యాసాన్ని ఒంటరిగా చెప్పలేదు. వైరాగ్యంతో జంటగా చెప్పింది. లోకంలో ఆ జంటలో ఒకదానికే ప్రచారం ఎక్కువ. గడియారం చూచి అభ్యాసాన్ని లెక్కించవచ్చును, వైరాగ్యాన్ని లెక్కించడం ఎలా?

ఇక్కడ శరీరధర్మం కొంత తెలుసుకోవలసి ఉన్నది. వేళ్లలో వాటిని కదిలించే కండరాలు లేవు. వంచే కండరాలు, ఎత్తే కండరాలు అధికభాగం ముంజేతిలో ఉన్నవి. అక్కడినుండి నారల వంటి స్నాయువులు మణికట్టు గుండా వ్రేళ్లవరకు సాగి, తోలుబొమ్మను ఆడించే దారాల వలె పనిచేస్తాయి. వ్రేలు మీటపైకి దిగునప్పుడు వంచే కండరం పని చేయాలి, ఎత్తే కండరం విశ్రమించాలి. లేచునప్పుడు దీనికి విపర్యయం. భయం చేతనో, ఆతురత చేతనో ఈ రెండూ ఒకేసారి బిగుసుకొంటే, బండికి ముందొక ఎద్దును వెనుకొక ఎద్దును కట్టి తోలినట్లవుతుంది. రెండు ఎద్దులూ అలసిపోతాయి, బండి మాత్రం కదలదు. చూచేవారికి అది మహాప్రయత్నంగా కనిపిస్తుంది.

అన్నట్లు, మనం పవిత్రం ధరించే అనామిక అన్నింటికన్న పరాధీనమైన వ్రేలు. దాని స్నాయువులు ఇరుగుపొరుగు వ్రేళ్ల స్నాయువులతో ముడిపడి ఉండటం వలన ఒంటరిగా పైకి లేవలేదు. దానికి బలాత్కారంగా స్వాతంత్ర్యం కల్పించవలెనని ఐరోపాలో పూర్వం అనేక యంత్రాలు కల్పించారు. చేతులను చట్రంలో నిలిపే ఒక సాధనానికి లోజియర్ అనే ఆయన 1814లో పేటెంటు కూడా పొందాడు. తరువాత మహాస్వరకర్తగా ప్రసిద్ధి చెందిన షూమన్ యౌవనంలో అటువంటి యంత్రాన్ని ఉపయోగించాడు. అతని కుడిచేతి వ్రేలు చెడి, పియానో విద్వాంసుడు కావలెనన్న ఆశ అంతరించింది. చెడటానికి యంత్రమే కారణమా, వేరొకటా అన్నది నేటికీ వివాదమే. వ్రేలు చెడినదన్నది మాత్రం నిర్వివాదం.

మనుమరాలిని వెంటబెట్టుకొని పితామహులు ఆమె గురువుగారి ఇంటికి వెళ్లారు. బాలిక ఇంట ఉన్నది విద్యుత్ వాద్యం. గురువుగారి ఇంట నిజమైన తంత్రులు గల నిలువు పియానో ఉన్నది. ఆమె సంగతి విని మొదట చేసిన పని మందలించడం. “రెండు నెలలా? నాకెందుకు చెప్పలేదు?” తరువాత ఘనాపాఠిగారితో నెమ్మదిగా ఒక వృత్తాంతం చెప్పింది.

లియాన్ ఫ్లైషర్ అనే అమెరికా విద్వాంసుడు 1952లో బ్రసెల్స్ నగరంలో ఎలిజబెత్ రాణి పేరిట జరిగిన పోటీలో ప్రథమస్థానం పొందాడు. జార్జ్ సెల్ నిర్వహణలోని క్లీవ్‌లాండ్ వాద్యబృందంతో ఆయన చేసిన బీథోవెన్, బ్రామ్స్ ధ్వనిముద్రణలను రసజ్ఞులు నేటికీ వింటున్నారు. ముప్పది ఆరేళ్ల ప్రాయంలో, కీర్తి శిఖరానికి చేరిన వేళ, ఆయన కుడిచేతి అనామికా కనిష్ఠికలు తమంత తాము అరచేతిలోకి ముడుచుకొనసాగాయి. వ్రేళ్లు బలహీనంగా తోచినకొద్దీ ఆయన సాధన పెంచాడు. పెంచినకొద్దీ అవి మరింత ముడుచుకొన్నాయి. ఆ వ్యాధిని ఫోకల్ డిస్టోనియా అంటారని, అది కండరానికి వచ్చిన లోపం కాదని, మెదడు కండరానికి పంపే ఆజ్ఞలోనే వచ్చిన సంకరమని చాలా కాలానికి గాని తెలియలేదు. మూడు దశాబ్దాలు ఆయన ఎడమచేతికి మాత్రమే వ్రాయబడిన రచనలు వాయిస్తూ, వాద్యబృందాలను నడుపుతూ, శిష్యులకు బోధిస్తూ గడిపాడు. 1990ల నడుమ చికిత్సల ఫలితంగా కుడిచేయి కొంతవరకు తిరిగివచ్చింది. 2004లో ‘రెండు చేతులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ధ్వనిముద్రణ వెలువరించాడు. 2020లో పరమపదించాడు.

“ఈ అమ్మాయిది ఆ జబ్బు కాదండీ. అది వస్తే నొప్పి ఉండదు, వేలు మాట వినదు, అంతే. ఈమెది అలసట, బిగువు. అయినా ముందు డాక్టర్‌కి చూపించండి. నొప్పి మీద సాధన చేయించేవాళ్లంటే నాకు భయం” అన్నది గురువుగారు. ఆ భయం సమంజసమైనది. నొప్పిని తపస్సుగా భావించే అపోహ సంగీతంలోనే కాదు, వేదపాఠశాలలలోను ఉన్నది; గొంతు బొంగురుపోయిన వటువు చేత ఆనాడే పన్నం వల్లె వేయించే అధ్యాపకులు ఉన్నారు.

పిమ్మట ఆమె పియానో ముందుపలకను తొలగించి లోపలి యంత్రాన్ని చూపించింది. మీట నొక్కగానే ఒక సుత్తి ముందుకు వెళ్లి తంత్రిని కొట్టింది. వ్రేలు ఇంకా మీటను నొక్కిపట్టే ఉన్నది, సుత్తి మాత్రం అప్పటికే వెనుకకు వచ్చివేసింది. ఘనాపాఠిగారు ఆశ్చర్యంతో మరల మరల నొక్కించి చూశారు.

పియానో యొక్క రహస్యమంతా ఇందులోనే ఉన్నది. సుమారు 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, మెడిచీ ప్రభువుల కొలువులో ఉన్న క్రిస్టోఫోరి అనే శిల్పి ఈ ఏర్పాటును కల్పించాడు. మీటకు, సుత్తికి నడుమనున్న సంబంధం మీట అడుగు తాకడానికి కొద్దిగా ముందే తెగిపోతుంది. అటు తరువాత సుత్తి స్వేచ్ఛగా ఎగిరి తంత్రిని తాకుతుంది. ఆ సంబంధం తెగకపోతే సుత్తి తంత్రికి అతుక్కొని ధ్వనిని అణచివేసేది. మీట దిగే లోతు దాదాపు 10 మిల్లీమీటర్లు. దానిని మెల్లగా దింపడానికి చాలిన బరువు సుమారు 50 గ్రాములు, ఒక చిన్న నిమ్మకాయ బరువు. ధ్వని పెద్దదా చిన్నదా అన్నది మీట ఎంత వేగంతో దిగినది అన్నదానిపై ఆధారపడుతుంది. అడుగు తాకిన తరువాత పర్వతాన్ని మోపినా ఆ స్వరం ఇసుమంతైనా మారదు.

“మరి చప్పుడు వచ్చేశాక ఇంకా ఎందుకు నొక్కుతున్నావే అమ్మా?” అని పితామహులు అడిగారు.

“వదిలేస్తే ఆగిపోతుంది కదా తాతయ్యా.”

“వదలమనలేదు. నొక్కడం ఎందుకని అడుగుతున్నాను.”

గురువుగారు నవ్వింది. మీటను దిగిన చోట నిలిపి ఉంచడం వేరు, నొక్కడం వేరు. నిలపడానికి చేతి బరువులో లేశం చాలును. బాలిక మాత్రం ప్రతి స్వరాన్ని అది పలికిన తరువాత కూడా అడుగుపలకకు అదుముతున్నది. ఒక్కొక్క స్వరం దగ్గర మిగిలిపోయిన ఆ అదుము తరువాతి స్వరానికి చేరి, దానికి మరొకటి తోడై, మూడవ పుట నాటికి చేయి రాయి అవుతున్నది.

హోమం చేసినవారికి ఈ విషయం వెంటనే స్ఫురిస్తుంది. దేవతను ఉద్దేశించి ద్రవ్యంపై తన స్వత్వాన్ని విడవడమే యాగమని, ఆ ద్రవ్యాన్ని అగ్నిలో వేయడం కూడా చేరితే హోమమని మీమాంసకుల నిర్ణయం. స్రువం నుండి ఆజ్యం జారిన క్షణాన యజమానుడు ఇది నాది కాదు అనే అర్థం గల త్యాగవాక్యం పలుకుతాడు. ఆజ్యం అగ్నిలో పడిన తరువాత స్రువాన్ని అగ్నిలోకి అదిమేవాడు ఉండడు. అట్లు చేస్తే స్రువం కాలుతుంది, ఆహుతి అధికం కాదు. పైగా మరుసటి ఆహుతికి చేయి ఆలస్యమవుతుంది. నూటయెనిమిది ఆహుతులు అలసట లేకుండా వేయగల ఋత్విక్కు ప్రతి ఆహుతినీ పూర్తిగా విడిచినవాడే. కర్మయందు అధికారం, ఫలమందు అనధికారం అని గీతాచార్యుడు చేసిన విభాగాన్ని క్రిస్టోఫోరి యంత్రం కొయ్యతో, తోలుతో నిరూపిస్తున్నది. సుత్తి విడివడిన తరువాత వ్రేలికి ఆ స్వరంపై ఉన్న అధికారం దానిని ఎప్పుడు ముగించాలి అన్నంతవరకే.

గీతలోని ఆ శ్లోకం రెండవ అధ్యాయంలో 47వది. యోగసూత్రాలలో ప్రయత్నశైథిల్యాన్ని విధించే సూత్రం కూడా రెండవ పాదంలో 47వదే. ఇది యాదృచ్ఛికం, దీనిపై సిద్ధాంతాలు నిర్మించరాదు. గుర్తుంచుకోవడానికి మాత్రం ఉపకరిస్తుంది. ఆసనం స్థిరమూ సుఖమూ కావలెనని పూర్వసూత్రంలో చెప్పి, అది ప్రయత్నాన్ని సడలించడం వలన, అనంతునియందు చిత్తాన్ని నిలపడం వలన సిద్ధిస్తుందని పతంజలి చెప్పాడు. శరీరాన్ని నిలిపి ఉంచే సహజప్రయత్నమే ఆసనసిద్ధికి విరోధి అవుతున్నదని వాచస్పతి మిశ్రుల వివరణ. అనంతుడనగా భూమిని శిరస్సున ధరించిన ఆదిశేషుడని కూడా ఆయన వ్యాఖ్యానించారు. అంతటి భారాన్ని మోసేవాడు కంపించడం లేదు! భారం మోయడానికి బిగువు అవసరమన్న మన నమ్మకాన్ని ఈ ఉపమ మూలంలోనే ఛేదిస్తున్నది.

సడలింపు ప్రయత్నం వలన రాదన్నదే ఇందులోని క్లేశం. “చెయ్యి వదులు చెయ్యి” అని బాలికకు ఎందరో చెప్పారు. ఆమె ‘వదులు చేయడానికి’ ప్రయత్నించి మరింత బిగుసుకొన్నది. గురువుగారు అందుకు వేరొక ఉపాయం పట్టింది. నాలుగు స్వరాలు పూర్ణవేగంతో వాయించి, నాలుగవదానిపై ఆగిపొమ్మన్నది. ఆగిన చోట మణికట్టును వ్రేలాడనిచ్చి, భుజం దిగిందా, బొటనవ్రేలు మెత్తబడిందా, చిటికెనవ్రేలు గాలిలో నిక్కి ఉందా అని పరీక్షించుకొమ్మన్నది. ఊపిరి విడిచిన తరువాతే మరల నాలుగు. ఇది సాధ్యమైన కొన్ని దినాలకు ఎనిమిది, పిదప ఒక అల పూర్తిగా. వేగంలో సడలడం నేర్వాలంటే వేగాన్నే తీసుకోవాలి, కాని కొద్దిగా తీసుకోవాలి. గంటల తరబడి మెల్లగా వాయిస్తూ ఆ మెల్లదనంలోనే చేతిని బిగించుకొనేవారు బిగువునే సంస్కారంగా నాటుకొంటున్నారు. అంతేకాక, మెల్లగా వాయించునప్పుడు వ్రేళ్లు విడివిడిగా పని చేస్తాయి. వేగంలో అది కుదరదు. షోపాన్ ఎట్యూడ్‌ల మొదటి సంపుటిలోని మొదటి రచనకు ఆయన సూచించిన వేగంలో నిమిషానికి 704 స్వరాలు, సెకనుకు దాదాపు పన్నెండు. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క సంకల్పం అసంభవం. ముంజేయి తాళంచెవి త్రిప్పినట్లు కొద్దిగా తిరుగుతూ, భుజం నుండి చేయి అంతా ప్రక్కకు సాగుతూ ఉంటే, వ్రేళ్లు ఆ ఒక్క కదలికలో భాగాలవుతాయి.

ఈ షోపాన్ పారిస్‌లో శిష్యులకు మొదట నేర్పినది చేతి మృదుత్వమే. అందరూ తెల్లమీటలతో సులువని ఆరంభింపజేసే స్వరస్థానాన్ని ఆయన చివరకు నేర్పేవాడు. పొడవైన మూడు వ్రేళ్లు ఎత్తుగా ఉన్న నల్లమీటలపై సహజంగా వాలే స్థితితో ప్రారంభించేవాడు. చేతిని వాద్యానికి లొంగదీయక, చేతికి సుఖమైన చోటును వాద్యంపై వెదకడం ఆయన పద్ధతి. దినానికి మూడు గంటలకు మించిన సాధనను ఆయన నిరోధించేవాడని శిష్యులు చెప్పుకొన్నారు.

బాలిక బిగువు ఎక్కడ మొదలవుతున్నదో కనిపెట్టినది మాత్రం పితామహులే. సంగీతం ఆయనకు తెలియదు. కళ్లు మూసుకొని ఆమె శ్వాసను విన్నారు. అల లేచునప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి, శిఖరాన రెండు ప్రహారాలు దాటిన తరువాత గాని విడవడం లేదు. ఆ రెండింటి భయం క్రిందినుండే ఆరంభమవుతున్నది. ఘనపాఠం నేర్చే వటువులలో ఆయన దీనిని అర్ధశతాబ్దంగా చూస్తున్నారు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని పదాలు ముందుకు వెనుకకు నడిచే ఆ పాఠంలో మూడవ పదంతో కఠినమైన సంధి రానున్నదని తెలిసిన వటువు ఒకటవ పదం దగ్గరే దవడ బిగిస్తాడు. తప్పు మూడవ పదంలో జరుగుతుంది, దాని బీజం మొదటి పదంలో ఉంటుంది. విక్షేపాలకు తోడుగా పుట్టేవాటిలో అంగకంపాన్ని, శ్వాసప్రశ్వాసల క్రమభంగాన్ని యోగశాస్త్రం ఒకే చోట పేర్కొన్నది ఊరక కాదు.

కుమారునికి చెప్పవలసి వచ్చింది. “చెప్పకు” అని మనుమరాలు కోరింది గాని, ఆయన మాట ఇవ్వలేదు. భోజనానంతరం పిలిచి, తమ గురువుగారి పాఠశాలలో గొంతు చెడిన ఒక సహాధ్యాయికి నలభై దినాలు మౌనం విధించిన సంగతి చెప్పారు. ఆ మౌనమూ అధ్యయనంలో భాగంగానే లెక్కింపబడినదని, ఆ సహాధ్యాయి పాఠశాలను విడువలేదని కూడా చెప్పారు. కుమారుడు చాలాసేపు పలుకలేదు. “నాతో చెప్పడానికి అంత భయమా దానికి?” అని మాత్రం అడిగాడు. మరునాడు వైద్యుని వద్దకు తానే తీసుకొని వెళ్లాడు. పదిహేను దినాల విశ్రాంతి, తరువాత దినానికి ఇరవై నిమిషాలతో ఆరంభం అని వైద్యుడు నిర్ణయించాడు. వాద్యంపై వస్త్రం కప్పబడింది, పదహారవ నాడు తీయబడింది.

ఘనాపాఠిగారు కోనసీమకు తిరిగి వెళ్లే ముందురోజు సాయంకాలం ఆమె మూడవ భాగాన్ని తీసింది. మొదటి పుట సాగింది. రెండవ పుటలో ఒక అల మధ్య చేయి బిగిసినట్లు ఆమెకే తెలిసింది. ఆగి, కుడిచేతిని ఒడిలోకి జార్చి కూర్చున్నది.

“ఏమైంది, ఆపేసింది?” అని లోపలినుండి తండ్రి.

“ఆగనీరా” అన్నారు ఆయన, జపమాల త్రిప్పుతూనే.

కొంతసేపటికి అల మళ్లీ క్రిందినుండి లేచింది.